పాటకీ పాటకీ మధ్య

డ్రైవింగ్ స్కూల్లో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ క్లచ్ టీచరే. రోడ్డు మీద ఆపద వచ్చినా రాకపోయినా ఆవిడ నోట ముందుగా వచ్చే మాట "క్లచ్". ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్లి, సూది దిగేటప్పుడు కూడా అదే అందట. ఆ పళ్ల డాక్టరు పాపం ఆవిడ దగ్గర కారు నేర్చుకున్నవాడే. ఎడమ కాలు ఠక్కున నేలకేసి తొక్కాడట. ఆవిడే చెప్పుకుని నవ్వుతుంది కనక నమ్మాల్సిందే.

ఆవిడకున్న రెండో పిచ్చి రాక్ పాటలు. వినడానికేం, ఎవరైనా వింటారు. ఈవిడ పిచ్చంతా వాటిని ఏరి, వరసగా పేర్చి క్యాసెట్ చేయడంలో ఉంది. సెలవు రోజు మధ్యాహ్నం టేప్ రికార్డర్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుందంటే ఇల్లు కూలినా లేవదు. మంచి పాటలన్నీ పోగేసినంత మాత్రాన మంచి క్యాసెట్ అయిపోదని ఆవిడ వాదన. మొదటి పాట తలుపు తీసి పలకరించాలి. రెండోది చెయ్యి పట్టుకుని లోపలికి లాగాలి. నెమ్మది పాటలు రెండు కలిసి వస్తే వినేవాడు గుర్రుపెడతాడు. గొంతు చించుకునేవాళ్లిద్దర్ని పక్కపక్కన పెడితే, పడని తోడికోడళ్లను ఒకే సీట్లో కుదేసినట్టే, ఇద్దరి అందమూ చెడుతుంది. ఇక చివరి పాట పూర్తవకుండా టేపు అయిపోయిందా, మొత్తం చెరిపేసి మళ్లీ మొదటి నుంచి మొదలు.

ఈ పిచ్చి అంటించింది అన్నయ్య. చిన్నప్పుడు ఇద్దరికీ కలిపి ఒకటే టేప్ రికార్డర్. అన్నయ్య పద్ధతి చాలా సులువు. గట్టి పాటలన్నీ ముందు, మిగతావి దేవుడెరుగు. "అది క్యాసెట్టా, సంతా?" అనేది ఆవిడ. ఈ విషయం మీద ఇద్దరూ జుట్లు పట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి.

పెద్దయ్యాక అన్నయ్య రొట్టెల వ్యాను నడిపాడు. వదిన బేకరీలో బట్టీ చూసుకునేది, ఇతను ఊరంతా తిరిగి దుకాణాలకు వేసొచ్చేవాడు. పాట లేనిదే వ్యాను కదిలేది కాదు. ఒకరోజు వ్యానులో టేప్ చెడిపోయింది. సాయంత్రం బాగు చేయించుకోవచ్చులే అని అలాగే బయల్దేరాడు. నాలుగు రోడ్ల కూడలి దగ్గర, అంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, పక్క నుంచి లారీ వచ్చి కొట్టింది. రొట్టెలు రోడ్డు పాలయ్యాయి. భుజం ఎముక విరిగింది. సిగ్నల్ చూసుకోనిది అతనే అని తేలడంతో లైసెన్సు కూడా పోయింది. మళ్లీ పరీక్ష పాసైతేనే ఇస్తామన్నారు.

ఎముక అతుక్కుంది గాని మనిషి అతుక్కోలేదు. చెల్లెలి స్కూలు కారులో, పాట మోగుతున్నంతసేపూ రాజాలా నడిపేవాడు. పాట ఆగితే చాలు, చెవుల్లో అద్దం పగిలేది. పరీక్ష రోజు ఇన్‌స్పెక్టర్ ఎక్కుతూనే టేప్ కట్టేశాడు. అన్నయ్య వీధి చివరిదాకా వెళ్లి, నడిరోడ్డు మీద బండి ఆపి, తలుపు తీసుకుని దిగి, నడుచుకుంటూ ఇంటికి వచ్చేశాడు. బండీ, బండిలో ఇన్‌స్పెక్టరూ అక్కడే ఉండిపోయారు.

అప్పటి నుంచి అతని ఉద్యోగం బేకరీ గల్లాపెట్టె వెనక. బన్నులు సర్దడం, సర్దినవి మళ్లీ సర్దడం. వదినకు ప్రాణం విసిగిపోయింది.

"అమ్మాయ్, మీ అన్నయ్యను తీసుకెళ్లి ఎక్కడైనా దింపేసి రా," అంది ఓ రోజు. "పొద్దున్నుంచీ కాళ్లకీ చేతులకీ అడ్డం పడుతున్నాడు."

"నేనేం చేయను వదినా? కారెక్కమంటే ఎక్కుతాడు. పాట ఆపనివ్వడు."

వదిన పిండి చేతులు తుడుచుకుని గొంతు తగ్గించింది. "నిద్దట్లో కాలు కదుపుతున్నాడే. బ్రేకు వేస్తున్నాడు కాబోలు. నాకు ఏడుపొస్తోంది."

ఆ మాట ఆవిడ మనసులో ముల్లులా దిగింది. ఎందరికో స్టీరింగ్ పట్టించిన చెయ్యి, సొంత అన్నయ్యను మళ్లీ రోడ్డెక్కించలేకపోతోంది. ఆ మధ్యాహ్నం టేప్ రికార్డర్ ముందు కూర్చుంది గాని ఈసారి పాటల గురించి ఆలోచించలేదు. పాటకీ పాటకీ మధ్య ఉండే ఖాళీ గురించి ఆలోచించింది. ఆ ఖాళీ కొద్దిగా పెంచితే?

మొదటి క్యాసెట్ బెడిసికొట్టింది. ఓ నెమ్మది పాట తర్వాత రెండు మూడు ఊపిరులంత ఖాళీ వదిలింది. పాట సన్నగా ఆరిపోయి నిశ్శబ్దం రాగానే అన్నయ్య మొహం పాలిపోయింది, కారు పక్కకు లాగి ఆపేశాడు. తప్పు ఎక్కడుందో ఆవిడకు తట్టింది. సన్నగిల్లే పాట మనిషిని నిశ్శబ్దంలో ఒంటరిగా దింపేసి పోతుంది. ఖాళీకి ముందు ఉండాల్సింది డ్రమ్ము దెబ్బ మీద ఠప్పున తెగిపోయే పాట. అది ఆగినా చెవి ఒప్పుకోదు, లోపల దరువు నడుస్తూనే ఉంటుంది. ఖాళీ తర్వాత వచ్చే పాట అదే దరువు అందుకోవాలి.

రెండో క్యాసెట్‌కి అన్నయ్య ఆగలేదు. ఖాళీలో వేళ్లతో స్టీరింగ్ మీద దరువు వేస్తూ పోయాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది.

అక్కడి నుంచి వారానికో క్యాసెట్. మొదట్లో ఖాళీ ఒక దీపస్తంభం నుంచి ఇంకో దీపస్తంభానికి సాగింది. తర్వాత ఎర్ర లైటు పచ్చగా మారేంత అయింది. తర్వాత బజారు వీధి పొడవంత.

"ఏంటే ఇది? పాటల కన్నా ఖాళీలే ఎక్కువున్నాయి," అన్నాడు అన్నయ్య. "పాటలు కరువయ్యాయా నీకు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ గబగబా అనేసింది. "టేప్ రికార్డర్ ముసలిదైపోయింది అన్నయ్యా. బటన్ నొక్కితే దానిష్టం వచ్చినప్పుడు పడుతోంది."

ఆ వారంలోనే, ఆవిడ క్లాసులో ఉండగా అన్నయ్య వచ్చి టేప్ రికార్డర్ విప్పి, తుడిచి, నూనె వేసి బిగించి వెళ్లాడని తెలిసి గతుక్కుమంది. అతను మాత్రం ఆ సంగతే ఎత్తలేదు. ఆవిడా మొండికేసి ఇంకా పెద్ద ఖాళీలతో క్యాసెట్ చేసింది. అన్నయ్య కిమ్మనకుండా నడిపాడు. నమ్మేశాడులే అనుకుంది పిచ్చిది.

మళ్లీ పరీక్ష రోజు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ అప్పటివాడే. అన్నయ్యను గుర్తుపట్టి, కారెక్కే ముందు, "ఈసారి దిగేట్టయితే ముందు చెప్పండి, నేనూ దిగుతాను," అన్నాడు. టేప్ కట్టేశాడు. కారు మలుపు తిరిగి కనపడకుండా పోయింది. ఆవిడ గోడకు ఆనుకుని నిలబడింది. అన్నయ్య నడుచుకుంటూ ఎక్కడ వస్తాడోనని మలుపు వైపు చూడ్డానికే భయపడింది.

కారే వచ్చింది. ఇన్‌స్పెక్టర్ కణతలు నొక్కుకుంటూ దిగాడు. "నడపడం బాగుందండీ. స్టీరింగ్ మీద ఆ వాయింపుడేంటి, దారి పొడవునా?"

"పాస్ చేశారా సార్?"

"చేశాను. వేళ్లకి పరీక్ష లేదు కదా."

ఆవిడకు సంతోషం పట్టలేకపోయింది. అయినా మనసులో చిన్న నలుసు మిగిలింది. వాయించాడంటే లోపల పాట నడుస్తూనే ఉందన్నమాట. రేపు వ్యానులో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ పాట గుర్తుకు రాకపోతే?

తిరుగు ప్రయాణంలో అన్నయ్యే నడిపాడు. పాసైనా ఫెయిలైనా వినిపించాలని చేసి ఉంచిన క్యాసెట్ పెట్టింది. ఖాళీలు లేవు. గట్టి పాటలన్నీ ముందే.

"ఏమే, ఇది నా వరస కదూ?" అన్నాడు అన్నయ్య, మొహం చేటంత చేసుకుని.

"ఈ ఒక్కసారికే. అలవాటు చేసుకోకు."

కబుర్లలో పడ్డారు. జీతానికి పెట్టుకున్న డ్రైవరు మిఠాయి కొట్టుకి వేయాల్సిన బన్నులు మందుల షాపులో వేసొచ్చాడట. వదిన వాడిని బట్టీలో పెట్టేలా ఉందట. చెప్పుకుని నవ్వుకుంటుంటే ఎప్పుడు అయిపోయిందో, టేప్ టక్కుమని ఆగింది. ఎదురుగా నాలుగు రోడ్ల కూడలి. ఆ కూడలే. ఆవిడ క్యాసెట్ తిప్పి పెట్టడానికి గబుక్కున చెయ్యి చాపింది.

"ఉండనీవే," అన్నాడు అన్నయ్య.

అతని వేళ్లు స్టీరింగ్ మీద కదలడం లేదు. ఎర్ర లైటు దగ్గర ఆగాడు. పచ్చ పడ్డాక కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు, కూడలి దాటించాడు.

"నీ టేప్ రికార్డర్‌కి ఏ జబ్బూ లేదే. విప్పిన రోజే తెలిసింది," అన్నాడు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. తెలిసి కూడా ఇన్నాళ్లూ ఒక్క మాట అనకుండా, చెల్లెలు వదిలిన ప్రతి ఖాళీలోంచీ కావాలనే నడిచి వచ్చాడన్నమాట. ఆవిడకు కళ్లు నిండిపోయి రోడ్డు కనపడలేదు. ఏదో ఒకటి అనాలి. నోటికి వచ్చింది ఒక్కటే మాట.

"క్లచ్," అంది.

రోడ్డు ఖాళీగా, తిన్నగా ఉంది. దాంతో ఏ అవసరమూ లేదు. అయినా అన్నయ్య తొక్కాడు.