ఎడమ మూల ఎర్ర దీపం

డేగ అన్నది ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. పెళ్ళి కాకముందు, గంటల లెక్కన కంప్యూటర్ ఆటలు ఆడనిచ్చే ఇరుకు దుకాణం ఒకటి ఉండేది. ఎనిమిది మంది ఎనిమిది తెరల ముందు కూర్చుని ఒకరినొకరు కాల్చుకునేవారు. చివరికి బతికి ఉండేది ఈయన ఒక్కడే. ఎవడు ఏ గోడ వెనక నక్కినా ఇట్టే పట్టేసేవాడు. అలా డేగ అయ్యాడు. ఆ తర్వాత పెళ్ళయింది, బడి బస్సు నడిపే ఉద్యోగం వచ్చింది, ఆటలు అటకెక్కాయి. ఇరవై రెండేళ్ళు గడిచాయి. ఇప్పుడు ఆ పేరుతో పిలిచేవాడు భార్య తమ్ముడొక్కడే. అదీ వేళాకోళానికి.

ఆ బావమరిదికి కంప్యూటర్లు బాగుచేసే కొట్టుంది. ఈసారి సెలవులు మొదలైన రెండో రోజే, కొట్లో మిగిలిన సామానంతా కూర్చి ఒక కంప్యూటర్ తయారుచేసి, భుజాన వేసుకుని అక్కయ్య ఇంట్లో దిగాడు. ముందు గదిలో, అక్కయ్య కుట్టుమిషను పక్కనే బల్ల మీద పెట్టాడు.

"బావా, నలభై రోజులు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోకు. మళ్ళీ మొదలుపెట్టు. కాకపోతే ఇప్పటి ఆటలు మీ కాలం ఆటల్లా కావు. చేతులెత్తేస్తావేమో చూసుకో."

"చేతులెత్తేయడమా? ఒరేయ్, నీకు నిక్కరు బొత్తాలు పెట్టుకోవడం రాని రోజుల్లో నేను డేగని."

"ఆ డేగగారికే నిన్న చెప్పులు వెతుక్కోవడానికి అరగంట పట్టింది" అంది భార్య, కాజాలు కుడుతూ తలెత్తకుండానే. కొత్త చదువుల ఏడాదికి యూనిఫారాలు కుట్టే రోజులవి. ఆవిడ పక్కన తెల్ల చొక్కాలు నడుం ఎత్తు పేరుకుపోయి ఉన్నాయి.

ఆట ఎంచుకోవడం అంత తేలిక కాదని డేగకి మొదటి రోజే అర్థమైంది. ఆ రోజుల్లో దుకాణంలో నాలుగు ఆటలుంటే అవే ప్రపంచం. ఇప్పుడు తెర తెరిస్తే వేలకి వేలు. బొమ్మలు చూస్తే అన్నీ బాగుంటాయి. దించుకోవడానికి ఒక్కొక్కటి పూట పూటంతా తింటుంది. తీరా దిగాక నచ్చకపోతే ఆ పూట గంగలో కలిసినట్టే. బావమరిది ఒక ఆరింటి పేర్లు రాసిచ్చాడు. డేగ వాటిని బస్సు తీసుకున్నట్టే తీసుకున్నాడు. ముందు చుట్టూ ఒకసారి తిరిగి చూడాలి, చప్పుడు వినాలి, నెమ్మదిగా కాస్త దూరం నడపాలి, ఆ తర్వాతే మంచిదో కాదో చెప్పాలి. ఆయన చేసే ఏ పనికైనా పద్ధతి ఇదే. పాతికేళ్ళు దగ్గర పడుతున్నా బస్సుకి ఒక్క గీత పడనివ్వని మనిషి. కాదు కాదు, సెలవుల ముందు ఒక గీత పడింది. బడి గేటు స్తంభం తగిలింది. అది స్తంభం తప్పని ఆయన వాదన.

మొదటిది పాత అలవాటు కొద్దీ తుపాకుల ఆట. పది నిమిషాల్లో పదకొండుసార్లు చచ్చాడు. పన్నెండోసారి బల్ల మీద గుద్ది లేచాడు.

"దొంగాట! అంతా ఎడమ పక్కనుంచే వస్తున్నారు. ఉత్త గాల్లోంచి ఊడిపడుతున్నారు. మనిషన్నాక వచ్చే ముందు కనపడాలా వద్దా?"

అంతటితో ఊరుకోలేదు. ఆడినవాళ్ళు అభిప్రాయాలు రాసే చోట, రెండు వేళ్ళతో టైపు చేసి మరీ రాశాడు: 'మోసపు ఆట. ఎడమవైపు నుంచి దొంగదెబ్బ తీస్తుంది. ఎవరూ ఆడకండి.' రాశాక కడుపు చల్లబడింది.

రెండోది కార్ల పందెం. ఇందులోనైనా తనకి తిరుగుండదనుకున్నాడు. మూడో మలుపులో ఎడమ పక్కన గోడ తగిలింది. ఐదో మలుపులోనూ అంతే. "బండి ఎడమకి లాగేస్తోంది. దీని అలైన్‌మెంటు పోయింది" అని తేల్చేశాడు. ఫోన్లో ఆ మాట విన్న బావమరిది నవ్వి నవ్వి కొట్లో కుర్చీలోంచి పడ్డంత పని చేశాడు.

"బావా, ఆటలో బండికి అలైన్‌మెంటేమిటి! వయసైపోయింది, ఒప్పేసుకో."

"వయసు నీ మొహం!"

మూడోది బంతాట. అందులోనూ ఎడమనుంచి ఎవడో ఒకడు వచ్చి బంతి తన్నుకుపోయాడు. నాలుగోది కత్తుల ఆట, గంట కూడా ఉంచలేదు. ఇలా రెండు వారాలు గడిచాయి. ఈ రోజుల్లో ఆటలు చేసేవాళ్ళకి బొత్తిగా న్యాయం ధర్మం లేవని ఆయన నిర్ణయానికొచ్చాడు. వంకలు పెట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు, ఆ మాట ఒప్పుకోవాలి. ప్రతి ఆటకీ ఒక కొత్త వంక దొరికింది. అన్నిటి వంకా ఒకే పక్కన ఎందుకుందో మాత్రం తట్టలేదు.

ఐదోది పొలం ఆట. దున్నడం, విత్తడం, నీళ్ళు పెట్టడం. కాల్చేవాడు లేడు, గుద్దేవాడు లేడు. "ఇదీ ఆటంటే. మర్యాదగా ఉంది" అన్నాడు డేగ. మూడు రోజులు ఆ పొలంలోనే ఉన్నాడు. అన్నానికి పిలిస్తే "ఇదుగో, ఈ మడి తడిపి వస్తున్నా" అనేవాడు. భార్య నవ్వుకునేది.

నాలుగో రోజు మధ్యాహ్నం పైరంతా ఎండిపోయింది.

"ఛీ! ఇదీ మోసమే. నీళ్ళయిపోయాయని ముందే చెప్పొద్దూ?"

భార్య దారం కొరికి తెర వైపు చూసింది. "చెప్తూనే ఉంది కదండీ. ఆ మూల ఎర్ర దీపం ఇందాకట్నించీ ఆరుతూ వెలుగుతూ ఉంది. మీరు కావాలనే ఊరుకున్నారనుకున్నాను."

"ఏ మూల?"

ఆవిడ లేచి వచ్చి, తెర కింద, ఎడమ మూల మీద వేలు పెట్టింది. వేలికి కుట్టు తొడుగు ఇంకా అలాగే ఉంది. డేగ అటు తిరిగి చూశాడు. నిజమే, ఎర్ర దీపం. చూపు మళ్ళీ తెర మధ్యకి తెచ్చాడు. దీపం లేదు.

దీపమే కాదు, భార్య వేలు కూడా లేదు. అక్కడ నల్లగా లేదు, మసకగా లేదు, ఏమీ లేదు. అసలక్కడ ఒక మూల ఉన్నట్టే లేదు.

"వేలు తీసేశావా?"

"లేదండీ. ఇక్కడే ఉంది."

ఆయన ఒక కన్ను మూసి చూశాడు, రెండోది మూసి చూశాడు. ఆవిడ వేలు అలాగే పట్టుకుని నిలబడింది. ఆ రోజు కాజాలు మరి ముందుకి సాగలేదు.

కళ్ళ డాక్టరమ్మ ఆయన్ని ఒక గిన్నెలాంటి యంత్రంలోకి తొంగి చూడమంది. చుక్క కనపడినప్పుడల్లా మీట నొక్కమంది. ఆయన చాలాసేపు నొక్కకుండా కూర్చున్నాడు, చుక్కలు ఇంకా మొదలుకాలేదనుకుని. కంట్లో ఒత్తిడి పెరిగి నరాలు మెల్లగా ఎండుతున్నాయని, రెండు కళ్ళకీ ఎడమవైపు కింది భాగంలో చూపు పోయిందని, నొప్పి ఉండదు కాబట్టి చాలామందికి తెలియదని ఆవిడ చెప్పింది. చుక్కల మందు వేస్తే ఉన్నది నిలుస్తుంది, పోయింది రాదు.

"డ్రైవింగ్ చేస్తారా?" అని అడిగింది.

"బడి బస్సండీ. నలభై రెండు మంది పిల్లలు."

డాక్టరమ్మ కాగితం మీద రాస్తున్న చెయ్యి ఆపింది.

బావమరిది పరుగెత్తుకొచ్చాడు. వాడికి బావంటే ప్రాణం, అందుకే అడ్డదారి వెతికాడు. "బావా, లైసెన్సు మళ్ళీ రాయించుకోవడానికి ఇంకా రెండేళ్ళుంది. ఈలోగా ఎవడడుగుతాడు? మెడ కాస్త ఎడమకి తిప్పుకుంటూ నడుపు. నీకున్న అనుభవానికి కళ్ళతో పనేముంది?"

డేగకి సరేననాలనే ఉంది. ఆ సీటు తప్ప ఆయనకి వేరే చోటు తెలియదు. ఉదయం ఆరున్నరకి ఇంజను వేడెక్కే చప్పుడు లేని రోజు ఎలా ఉంటుందో ఊహకి కూడా రాలేదు. సెలవులు ఇంకా వారం ఉన్నాయి. వాణ్ణి వెంటబెట్టుకుని బడికి వెళ్ళాడు. ఖాళీ ఆవరణలో బస్సు ఎక్కి సీట్లో కూర్చున్నాడు.

"అదుగో, నేల మీద ఆ సున్నం గీత దగ్గర నిలబడు. ఎడమ పక్కన, స్టాపులో పిల్లలు నిలబడే చోట. మోకాళ్ళ మీద కూర్చో. ఆ, అంతే ఎత్తు."

వాడు కూర్చున్నాడు. డేగ రోడ్డు వైపు చూసినట్టు నేరుగా ముందుకి చూశాడు.

"ఇప్పుడు చెయ్యి ఊపరా."

కాసేపు ఆగాడు. "ఊపమన్నానా?"

"ఇందాకట్నించీ ఊపుతూనే ఉన్నాను బావా" అన్నాడు వాడు. ఆ తర్వాత లైసెన్సు మాట మరి ఎత్తలేదు.

తాళాలు మేనేజరు బల్ల మీద పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మేనేజరుకి గేటు స్తంభం దగ్గర బస్సుకి పడ్డ గీత గుర్తొచ్చింది. చివరికి టైర్లు, బ్రేకులు చూసుకునే పని షెడ్డులో ఇస్తానన్నాడు. జీతం కాస్త తక్కువ. డేగ తల ఊపి వచ్చేశాడు. ఇంటికొచ్చి తుపాకుల ఆట మీద తను రాసిన అభిప్రాయం వెతికి చెరిపేశాడు. దానికింద ఇద్దరెవరో 'నిజమే' అని రాశారు కూడా. వాళ్ళ సంగతి ఏం చెయ్యాలో ఆయనకి తెలియలేదు. పొలం ఆట మాత్రం ఉంచుకున్నాడు. కుట్టుమిషను అటు నుంచి ఇటు జరిగి, ఆయన ఎడమ పక్కకి వచ్చింది. నీళ్ళయిపోగానే ఆవిడ "ఏమండీ, ఎర్ర దీపం" అంటుంది, అంతే.

బడి తెరిచిన రోజు, దారి చూపించడానికి డేగ, కొత్త డ్రైవరుకి వెనక సీట్లో కూర్చున్నాడు. స్టాపులన్నీ చెప్పుకుంటూ వచ్చాడు. ఏడో స్టాపు దగ్గరకొస్తుంటే లోపల బెదురు పుట్టింది. సెలవుల ముందు ఒక రోజు బస్సు అక్కడ ఆగలేదు. ఒకటో తరగతి పిల్ల మిగిలిపోయింది. మర్నాడు ఆ పిల్ల "నేను చెయ్యి ఊపాను అంకుల్" అంటే, "అబద్ధాలాడకూడదు, టైముకి రావాలి" అని అందరి ముందూ కసిరాడు.

కొత్త డ్రైవరు ఆపాడు. పిల్ల మెట్టెక్కాకే డేగకి కనపడింది.

"అంకుల్, ఇవాళ టైముకే వచ్చాను" అంది, భయం భయంగా.

"ఆ రోజు కూడా టైముకే వచ్చావమ్మా. తప్పు నాది. నేనే నిన్ను చూడలేదు."

"నేను అప్పుడే చెప్పానుగా" అని ఆ పిల్ల సంచీ సర్దుకుని తన సీటుకి వెళ్ళిపోయింది.