ఇది బాగుందా, అదా?

మా ఆయన కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేస్తారు. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. వచ్చినవాళ్ళని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, గోడ మీద అక్షరాలు చూపించి, ముక్కు మీది ఫ్రేములో అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా? ఇదా?" అని అడుగుతుంటారు. ఎవరైనా నీళ్ళు నమిలితే ఆయనకు ఒళ్ళు మండుతుంది. కళ్ళు తనవే కదా, ఆ మాత్రం తేల్చుకోలేడా మనిషి అని ఇంటికొచ్చి నా మీద విసుక్కుంటారు. అలాంటివాళ్ళ కోసం ఆయన దగ్గరొక చిట్కా ఉంది. అద్దం తీసినట్టే తీసి, టక్కుమనిపించి, మళ్ళీ అదే పెడతారు. "ఇప్పుడింకా బాగుంది" అన్నాడంటే నోటికొచ్చింది చెబుతున్నాడని అర్థం.

ఇంత తెలిసిన మనిషి గిటారు కొనడానికి బయలుదేరారు.

పాతదాని మెడ వంగిపోయింది. బాగుచేసేవాడు చేతులెత్తేశాడు. దాని మీదే ఆయన ఇరవై రెండేళ్ళపాటు, భోజనాలయ్యాక నేను గిన్నెలు తోముతుంటే, వంటింటి గడప పక్కన కూర్చుని రోజూ ఒకే పాట వాయించారు. మూడో చరణంలో ఒకచోట వేలు జారేది. "అయ్యో" అని వెనక్కి వెళ్ళి మళ్ళీ అందుకునేవారు. ఆ అయ్యో వినబడేసరికి నా చేతిలో ఆఖరి మూకుడు ఉండేది.

గిటార్ల దుకాణం పెద్దమనిషి మా ఆయన దగ్గరే అద్దాలు పెట్టించుకున్నాడు. ఆ అభిమానంతో రెండు మేలురకం గిటార్లు ఇంటికే పంపాడు. పది రోజులు వాయించి చూసుకో, ఆదివారం సాయంత్రం వస్తాను, అప్పటికీ తేల్చుకోకపోతే రెండూ పట్టుకుపోతాను, ఇంకొకరు అడుగుతున్నారు అన్నాడు. ధర చెప్పను. మా అత్తగారికి అలాంటివి మాత్రం బాగా వినిపిస్తాయి.

రెండూ ఒకరి చేతి పనే. ఒకే కొలత, ఒకే పైచెక్క. ఒకదాని వీపు రోజ్‌వుడ్, రెండోదాని వీపు మహాగని చెక్క, అంతే తేడా. గిటార్లు కవలలే గాని పెట్టెలు కావు. మహాగనిది మంచం కింద దూరింది. రోజ్‌వుడ్‌ది లావు, దూరలేదు. హాల్లో నిలబడి నా కాలి బొటనవేలి మీద పగబట్టింది.

ఇక చూడండి. దీన్ని ఒకసారి మీటడం, దాన్ని ఒకసారి మీటడం. దీనికి లోతుంది, దానికి వెలుగుంది అనడం. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, కూర కలుపుతున్న నన్ను పిలిచి మరీ వినిపించేవారు. రెంటికీ తీగలున్నాయన్నాను. నాకు చెవి లేదని తేల్చేసి వాళ్ళమ్మను అడిగారు. ఆవిడ ఎడమవైపుదే బాగుందన్నారు. సంబరపడి, ఎందుకైనా మంచిదని అటుది ఇటు మార్చి మళ్ళీ అడిగారు. మళ్ళీ ఎడమవైపుదే అన్నారు. ఆవిడకు పనిచేసేది ఎడమ చెవి ఒక్కటే.

పది రోజుల్లో ఒక్క పాట లేదు. గిన్నెలు మాత్రం రోజూ ఉన్నాయి. నాకు ఏడుపొచ్చేది.

ఆదివారం మధ్యాహ్నం ఇక ఆగలేక, ఆయన్ని గోడవైపు తిప్పి కూర్చోబెట్టాను. నేను మీటుతాను, మీరు చెప్పండి అన్నాను. బొటనవేలితో తీగలన్నీ ఒకసారి మీటాను. పెట్టె గడియ టక్కుమనిపించాను. మళ్ళీ మీటాను.

"రెండోదానికి లోతెక్కువ" అన్నారు.

మళ్ళీ టక్కు. ఈసారి వెలుగట. ఇంకోసారి టక్కు. అబ్బే, మొదటిదే నయమట. అయిదు సార్లూ అయిదు రకాలుగా చెప్పారు. ఆరోసారి గడియ చప్పుడవగానే ఆగిపోయారు. వెనకనుంచి చూస్తే భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నారు.

"నువ్వు మార్చడం లేదు కదూ?"

"లేదండీ. మీకు లోతైనా వెలుగైనా నాకొకటే. నాకా పాట కావాలి. అది లేక ఇల్లు ఇల్లులా లేదు."

కాసేపు గోడనే చూశారు. అక్కడ చదవడానికి అక్షరాలేం లేవు.

"ఇంతకీ ఏది వాయించావు?"

"మంచం కింద పట్టేది."

ఇటు తిరక్కుండానే చెయ్యి చాపారు. ఇచ్చాను. గడప పక్కకు వెళ్ళి కూర్చుని పాట ఎత్తుకున్నారు. తోమడానికి గిన్నెల్లేవు. బోర్లించిన వాటినే మళ్ళీ సింకులో వేసుకున్నాను. అంతలో దుకాణం పెద్దమనిషి వచ్చి, పాట ఆపొద్దని చేత్తోనే చెప్పి, హాల్లో ఉన్న లావు పెట్టెను తీసుకుని వెళ్ళిపోయాడు.

మూడో చరణం వచ్చింది. నా చెయ్యి ఆగిపోయింది. అంత గొప్ప గిటారు ఆ తప్పును ఎక్కడ దిద్దేస్తుందోనని పది రోజులుగా లోలోపల భయపడుతున్నాను.

"అయ్యో" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.