మట్టలు ఆరబెట్టుకున్న మంట

మా చిన్నప్పుడు ముసురు పట్టిందంటే అమ్మా నేనూ తడిసిన కొబ్బరి మట్టలు నెత్తికెత్తుకుని గ్యాస్ మంట దగ్గరికి పోయేవాళ్ళం... వాన కాస్త తెరిపిస్తే చాలు, బయల్దేరడమే.

అమలాపురం దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో మా ఊరు. ఊరి చివర కొబ్బరితోటల వెనకాల ఒక కంపెనీ వాళ్ళు గ్యాస్ బావి తవ్వారు. దాని పక్కన పెద్ద గొయ్యి, చుట్టూ మట్టి గట్టు, లోపల తాటిచెట్టంత మంట. పగలనకా రాత్రనకా అలా మండుతూనే ఉండేది. ఆ వెలుగుకి మా కోళ్ళకి పొద్దూ మాపూ తెలిసేది కాదు, ఎప్పుడు పడితే అప్పుడు కూసేవి. దగ్గర్లో ఉన్న కొబ్బరిచెట్లు మొవ్వు మాడి మోడులైపోయాయి.

మాకు మాత్రం అది పనికొచ్చే మంటే. నవ్వకండి... చెప్తాను.

మా నాన్న చెట్లెక్కి కొబ్బరి దింపు తీసేవాడు. సాయంత్రం వచ్చేటప్పుడు మట్టలూ, కాయలు వలిచిన డొక్కలూ మోపు కట్టి తెచ్చేవాడు. అవే మా వంటచెరకు. ఎండాకాలం ఫర్వాలేదు గానీ, శ్రావణం వచ్చిందంటే నీళ్ళు పీల్చుకుని ఓ పట్టాన అంటుకునేవి కావు. అమ్మ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఊదుగొట్టంతో ఊది ఊది, కళ్ళంట నీళ్ళు కారుతుంటే కొంగుతో తుడుచుకుని మళ్ళీ ఊదేది. ఇల్లంతా పొగ. నేనేమో "నా స్కూలు గౌను పొగ వాసన కొడుతోందే" అని గొణుక్కుంటూ వసారాలోకి పోయేదాన్ని. "నువ్వూ కాసేపు బయటికి రావే" అని అమ్మని ఒక్కనాడూ అనలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అందుకే ఆ మంట దగ్గరికి వెళ్ళేవాళ్ళం. అక్కడ సూర్రావు గారని ఒక వాచ్‌మేన్ ఉండేవారు. మంచాయన. కంచె లోపలికి రానిచ్చేవారు కాదు గానీ, బయట నుంచి తీగకి మట్టలు ఆనించుకుంటే చూసీ చూడనట్టు ఊరుకునేవారు. సెగ అక్కడి దాకా కొట్టేది. కాసేపటికి మట్టల్లోంచి ఆవిరి లేచేది... అప్పుడు రెండోవైపు తిప్పేవాళ్ళం, ఎండలో అప్పడాలు తిప్పినట్టు. అమ్మ ఒకటి విరిచి చూసేది. ఫెళ్ళుమంటే ఆరినట్టు. నాకైతే మా మట్టలు ఆరబెట్టుకోడానికే ఎవరో పుణ్యాత్ములు ఆ మంట పెట్టారనిపించేది.

ఒకరోజు అమ్మే ఆయన్ని అడిగింది.

"అది దేంతో మండుతుందండీ? కట్టె లేదు, బొగ్గు లేదు..."

"గ్యాసమ్మా. పట్నాల్లో పొయ్యిల మీద వండుకుంటారే, అలాంటిదే."

"మరి ఇక్కడ ఊరికే తగలేస్తున్నారేంటండీ?"

"పట్టుకెళ్ళడానికి ఇంకా పైపు వెయ్యలేదు కదా. అలాగే గాల్లోకి వదిలేస్తే ప్రమాదం. అందుకని కాల్చేస్తారు."

అమ్మ మోపు ఎత్తుకుని నడిచింది. సగం దారిలో దగ్గొచ్చి, మోపు దించేసి కాలవగట్టు మీద కూర్చుండిపోయింది. అప్పటికే ఆ దగ్గు మొదలైంది. మేము జలుబనుకుని మిరియాల కషాయం ఇచ్చాం.

చూడండి... వండుకోవాల్సిన గ్యాసు సెగకి మట్టలు ఆరబెట్టుకుని, ఆ మట్టల పొగ పీల్చి మాకు వండిపెట్టింది మా అమ్మ. ఈ ముక్క నా బుర్రకెక్కడానికి చాలా ఏళ్ళు పట్టింది. మాకు కాస్త ఇవ్వండని అడగాలని ఊళ్ళో ఎవరికీ తోచలేదు. అడగొచ్చని కూడా తెలీదు మాకు.

నాకు టీచరు ఉద్యోగం వచ్చాక అమ్మని కాకినాడ తీసుకెళ్ళాను. అప్పటికి నూతి దాకా నడిస్తే ఆయాసం. డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, "ఈవిడ చుట్ట కాలుస్తారా?" అన్నారు. అమ్మ మొహం చిన్నబోయింది. "రామ రామ, నాకలాంటి అలవాట్లేంటండీ" అంది. మరి వంట దేంతో అని అడిగితే నేను చెప్పాను. ఆయన తలూపి ఏదో రాసుకున్నారు. తరవాత నన్ను పక్కకి పిలిచి, ఆ ఊపిరితిత్తులు ఇంక బాగుపడవని చెప్పారు.

ఆ వారంలోనే ఇంట్లోకి గ్యాస్ పొయ్యి వచ్చింది. అమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. నేను అన్నానికి ఎసరు పెట్టి వెలిగించాను. చామంతి పువ్వంత నీలం మంట... అమ్మ పీట వాల్చుకుని కూర్చుని, వంగి గిన్నె కిందకి చూసింది. చెయ్యి దగ్గరగా పెట్టి చూసింది. పొగ లేదు.

"ఇంతేనా? అన్నం ఉడకడానికి ఇంత చాలా?"

"చాలమ్మా" అన్నాను.

చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. తరవాత, "మరి అక్కడ అదంతా..." అంది. మిగతా మాటకి ఊపిరి అందలేదు. నేను వీపు రాస్తూ ఉండిపోయాను. ఈలోగా అన్నం ఉడికిపోయింది.

మళ్ళీ ముసుర్లు వచ్చేసరికి అమ్మ లేదు.

ఇప్పుడు మా ఊళ్ళో ఆ మంటా లేదు. పైపులు వేశారు, గొయ్యి పూడ్చేశారు, పైన తుమ్మమొక్కలు మొలిచాయి. అక్కడ అంత మంట మండేదంటే మా పిల్లలు నమ్మరు. మా ఇంట్లో గిన్నె దించాక పొయ్యి ఒక్క క్షణం ఊరికే మండినా నేను ఊరుకోను, పరుగెత్తుకెళ్ళి కట్టేస్తాను. చాదస్తం అంటారు. అననివ్వండి... అమ్మ సగంలో ఆపేసిన ఆ మాట పూటపూటా నాకు పొయ్యి దగ్గర వినిపిస్తుంది.

మీ అమ్మగారు దేంతో వండేవారండీ? ఉంటే ఇవాళే పక్కన కూర్చుని అడగండి. ఆవిడ చెప్పింది ఇక్కడ రాయండి... నాకు అడగడానికి అమ్మ లేదు.