ముందు అద్దం

ప్రొద్దుటూరు నుంచి పులివెందుల పోయే బస్సులో నా పక్కన కూర్చున్నతను బెంగళూరులో విమానాలు తయారుచేసే చోట మెకానిక్కు. ప్రయాణికుల కిటికీలు బిగించడం అతని పని. ఎలక్షన్లు దగ్గరపడ్డాయని, ఊళ్లో పార్టీ పెద్దాయన సెలవు పెట్టించి మరీ పిలిపించుకున్నాడట.

"ఏం పనికప్పా?" అన్నాను.

"ఆయప్ప జీపు కిటికీలకు ఇనుప రేకులు బిగించాల. బాంబులేస్తాండారు గదా."

"రానని చెప్పకూడదా?"

"యాడ చెప్పేదప్పా? ఆ జీపు తోలేది మా తమ్ముడే. ఆయప్ప ఎనక సీట్లో కూసుంటాడు."

"మరి ముందు అద్దానికి?"

అతను అరచేతిని తన కళ్లకు అడ్డం పెట్టుకుని చూపించాడు.

"దానికి రేకేస్తే దావ ఎట్ల కనపడుతుంది?"

ఆ ఎలక్షన్లలో ఎవరు గెలిచారో నాకు గుర్తులేదు. జీపు ఎదురొస్తే మాత్రం, ఈనాటికీ నా చూపు డ్రైవరు మొహం మీదికే పోతుంది.