ఐబు చెప్పిన కళాశాల

2025 జూన్ 16, సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. ముందురోజు రాత్రి చిట్యాలలో ఒక మోస్తరు వాన పడింది. తెల్లవారినా మబ్బు విడవలేదు, ఆకు కదలలేదు, ఒళ్లంతా జిగటగా ఉక్కపోత. పింఛను ఖాతాలో నా ఇంటి నంబరు తప్పుగా పడిందని బ్యాంకుకు ఫోన్ చేశాను. దయచేసి వేచి ఉండమని ఒక రికార్డు గొంతు చెప్పింది, ఆ వెంటనే వేణువు మొదలైంది. దాన్ని పాట అనలేము. నాలుగు స్వరాలు పైకి పోతాయి, మూడు కిందికి దిగుతాయి, మళ్లీ మొదటికి వస్తాయి. చెప్పవలసిన ఇంటి నంబరు ఒక్క క్షణం మరిచిపోయాను. 2021 వానాకాలంలో ఆ వేణువు మా మేడమీది వాటాలో నుంచి కింద ఉన్న నాకు వినబడేది. అక్కడ కిరాయికి ఉన్న రేణుక ఫోనును స్పీకరులో పెట్టి, పిట్టగోడకు ఆనించి, అవతల మనిషి పలికేదాకా చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చునేది.

నేను జిల్లా గణాంక కార్యాలయంలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి విరమించాను. వర్షపాతం, పంటల విస్తీర్ణం, పశుగణన నా పని. తేదీ లేని మాటనూ, అంకె లేని గొప్పనూ నేను నమ్మను. ఆ అలవాటుకు ఒక పదును పెట్టిన మనిషి నాకంటే ముప్పై నాలుగేళ్లు చిన్నది, మా ఇంట్లో కిరాయికి ఉన్న ఒక జవాను భార్య. ఆమెను ఎరగనివారి కోసం ఇది రాస్తున్నాను.

రేణుకది కట్టంగూర్ దగ్గరి పల్లె. ఇంటర్ పాసైన నెలకే పెళ్లి చేశారు. భర్త శంకర్ సైన్యంలో హవల్దారు. ఆ రోజుల్లో అతను కుటుంబాన్ని వెంట ఉంచుకునే వీలులేని సరిహద్దు కొలువులో ఉన్నాడు. మేడమీద రేణుక, ఇద్దరు ఆడపిల్లలు, అత్త యాదమ్మ ఉండేవారు. మూడు నాలుగేళ్లలో శంకర్ సర్వీసు ముగిసి పింఛనుకు వస్తాడు, ఆపై ఇల్లు నడవాలంటే ఇంకొక జీతం కావాలి, సర్కారు కొలువుకు దరఖాస్తు పెట్టాలంటే డిగ్రీ కావాలి. వయోపరిమితి దాటకముందే ఆమెకు మిగిలింది ఒక్క డిగ్రీకి సరిపడే కాలం. తప్పుడు చోట చేరి మూడేళ్లు పోగొట్టుకుంటే మళ్లీ మొదలుపెట్టడానికి సమయం ఉండదు. ఇంటి దగ్గరే ఉండి, ఊరు మారినా ఆగకుండా, ఖర్చు భరించగలిగేలా, పేరున్న ఆన్‌లైన్ కళాశాల ఒకటి దొరకాలి. ఆమెకు కావలసింది అంతే.

ఒక సాయంత్రం నాలుగు కరపత్రాలు పట్టుకొని కిందికి వచ్చింది. "సార్, మీరు లెక్కలోళ్లు. గీ నాలుగిట్ల ఏది మంచిదో జర చూసి చెప్పండి" అంది.

నేను ఒక రోజు అడిగి, నాలుగింటికీ గుర్తింపు ఉన్నదా లేదా అని ముందుగా పరిశీలించాను. నాలుగింటికీ ఉన్నది. తరువాత ఫీజు, ర్యాంకు, ఉత్తీర్ణత శాతం, స్థాపించిన సంవత్సరం వరుసగా రాసి, ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయాన్ని మొదటి స్థానంలో నిలిపాను. ఆమె మర్యాదగా విని, "మరి గిందుల బదిలీ సంగతి లేదు గద సార్" అంది.

నిజమే, లేదు. సైనికుడి కొలువులో ముందే చెప్పగలిగినది బదిలీ ఒక్కటే. అతనికి సైన్యం క్వార్టరు ఇచ్చే ఊరికి బదిలీ అయితే భార్యాపిల్లలు వెంట వెళ్తారు. పాఠాలు ఆన్‌లైన్‌లోనే అయినా పరీక్షకు మాత్రం సెంటరుకు వెళ్లాలి, అప్పుడు పరీక్ష ఏ ఊళ్లో రాయాలి? ఈ ప్రశ్నకు నాలుగు కరపత్రాల్లో ఒక్కటీ జవాబు చెప్పలేదు. మొదటి పేజీ మీద మాత్రం సెల్యూట్ చేస్తున్న జవాను బొమ్మ మూడింటిలో ఉన్నది.

మర్నాటి నుంచి మేడమీద వేణువు మొదలైంది. రేణుక పద్ధతి వేరు. ప్రవేశాల విభాగానికి ఒక్కసారే ఫోన్ చేసేది. వాళ్లు మొదటి రింగుకే ఎత్తి, "నో ప్రాబ్లం మేడం" అనేవారు. "గట్ల ఇంతకుముందు సెంటర్ మార్చుకున్నోళ్లు ఎవలన్న ఉన్నరా? ఒక్కామె నంబరియ్యండి, నేను మాట్లాడుకుంట" అని అడిగితే లైను కట్ అయ్యేది. అప్పుడు పరీక్షల విభాగానికి చేసేది. ఫోను ఎత్తనిది అక్కడే. యాదమ్మ వాకిట్లో కూర్చొని దెప్పేది: "నీకు గా ఫోనుతోటి గిట్ల పెండ్లయిందా ఏంది పిల్లా? పొద్దుగాల సంది దాన్నే చూస్తున్నవు."

"ఫోను నయం అత్తా. మీ కొడుకు లెక్క ఏడాదికోసారి రాదు, దగ్గర్నే ఉంటది" అనేది రేణుక. యాదమ్మకు కోపం రావాలి గాని, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేది.

ఆ జులైలోనే నల్లగొండలో ఒక ఫంక్షన్ హాలులో జవాన్ల కుటుంబాలకు ప్రత్యేక అవగాహన సభ జరిగింది. జరిపించింది నేను మొదటి స్థానంలో పెట్టిన ఆ విశ్వవిద్యాలయమే. రేణుకకు తోడుగా నేనూ వెళ్లాను. జిల్లా నలుమూలల నుంచి జవాన్ల భార్యలు వచ్చారు. ఎవరూ చెప్పకుండానే భర్తల హోదాల వరుసలో కూర్చున్నారు. ముందు సుబేదారు గారి భార్య, వెనుక హవల్దార్ల భార్యలు, చివర సిపాయిల భార్యలు. దేశభక్తి పాట వేశారు. ఒక్కొక్కరికి శాలువా కప్పారు. టై కట్టుకున్న కౌన్సెలరు ఒకడు, నూటికి తొంభై ఎనిమిది మంది తమ దగ్గర పాసవుతున్నారని తెర మీద చూపించాడు.

నేను లేచి నిలబడ్డాను. "ఆ నూరు మంది ఎవరండీ? చేరిన నూరు మందా, పరీక్ష రాసిన నూరు మందా? మధ్యలో మానుకున్నవారు మీ లెక్కలో ఉన్నారా?" అన్నాను.

అతను నవ్వి, "పెద్దవారు, మంచి ప్రశ్న. చివర్లో మాట్లాడుకుందాం సార్" అన్నాడు. చివర్లో అతను కనబడలేదు.

అప్పుడు రేణుక లేచింది. "అన్నా, మా ఆయనకు నడుమల బదిలీ అయితే నేను పరీక్ష యాడ రాయాలె?"

"ఆర్మీవాళ్లకు అన్నీ మేం చూసుకుంటాం మేడం. మీరు దేశానికి ప్రాణాలిస్తున్నారు, మేం ఆ మాత్రం చెయ్యలేమా?"

హాలంతా చప్పట్లు కొట్టింది. రేణుక కూర్చోలేదు. "ప్రాణాల ముచ్చట కాదన్నా. సెంటర్ ముచ్చట అడుగుతున్న."

ముందు వరుసలో నుంచి సుబేదారు గారి భార్య వెనక్కి తిరిగి, "మీ ఆయన ర్యాంకేంది?" అంది.

"హవల్దార్, మేడం."

"మరి కూసో. మా ఇంటాయనే అన్ని అడిగి అరుసుకున్నడు. నేను చేరుతున్న, మీరందరు చేరుండ్రి."

ఆ మాటతో అయిపోయింది. ఆమెతో కలిపి తొమ్మిదిమంది అక్కడికక్కడే చేరారు. నాకు ఆ రోజు వచ్చిన కోపం ఇంకా పోలేదు. భర్త భుజం మీది పట్టీ భార్య నోటికి తాళం ఎలా అవుతుంది? గౌరవమంటూ శాలువా కప్పి, ఆ శాలువా చాటున ప్రశ్నను నొక్కేయడం ఏ దేశభక్తి? తిరుగు బస్సులో నేను ఇవన్నీ గట్టిగానే అన్నాను. రేణుక కిటికీలో నుంచి బయటికి చూస్తూ ఒక్క మాట అంది: "పాపం సార్, గా తొమ్మిదిమంది గూడ అడుగుదామనే వచ్చిన్రు."

వారం తరువాత, మధ్యాహ్నం, మేడమీద వేణువు ఆగి ఒక మగగొంతు వినబడింది. నాలుగు కరపత్రాల్లో జవాను బొమ్మ లేని ఒకే ఒక్కటి, హైదరాబాదులోని ఒక సర్కారు విశ్వవిద్యాలయానిది. మాట్లాడుతున్నది దాని పరీక్షల విభాగంలో ఎవరో. నిద్ర చెడగొట్టినట్టు ఉన్నాడు.

"ఏందమ్మా?"

"సార్, మా ఆయన మిలిటరీల ఉన్నడు. బదిలీ అయితే సెంటర్ మారుస్తరా?"

"ఊకె మార్చం. పరీక్షకు నలభై అయిదు రోజుల ముందుగాల దరఖాస్తు పెట్టాలె. పెట్టకుంటే మార్చం."

"ఆర్డర్ లేటుగొస్తే?"

"అయినా మార్చం. వచ్చేసారి రాసుకో. కట్టిన ఫీజు యాడికి పోదు, మళ్ల కట్టే పనిలేదు. ఆర్నెల్లు లేటయితది, గంతే. నిరుడు ఇద్దరికి గట్లనే అయింది."

"వాళ్ల నంబర్లిస్తరా?"

"వాళ్లనడిగి చెప్త, రేపు చెయ్యి" అన్నాడు. మర్నాడు నిజంగానే ఒక నంబరు ఇచ్చాడు. ఆ అమ్మాయి ఆరు నెలలు ఆలస్యంగా, ఒక్క రూపాయి అదనంగా కట్టకుండా పాసైంది.

ఆ సాయంత్రమే రేణుక అందులో చేరతానంది. నాకు అర్థం కాలేదు. అక్కడి మూడేళ్ల ఫీజు అంతా కలిపినా, ప్రైవేటువాళ్లు రాయితీ పోను చెప్పిన ఒక్క ఏడాది ఫీజుకంటే తక్కువే, అది ఒప్పుకున్నాను. "కాని మార్చం అని మొహం మీదే చెప్పిన చోట చేరుతవా బిడ్డా?" అన్నాను.

అప్పుడు తన బాపు సంగతి చెప్పింది. ఆయన ప్రతి ఏడూ ఎవుసం మొదలయ్యే ముందు చిట్యాల పశువుల అంగడికి ఎద్దుల కోసం వచ్చేవాడట. ధర అడిగేవాడు కాదు, వయసు కోసం నోరు తెరిచి పండ్లు చూసేవాడు కాదు. ఒక్కొక్క అమ్మకందారు దగ్గర నిలబడి, "దీని ఐబు ఏంది?" అనేవాడు. ఐబు అంటే లోపం. ఏ లోపమూ లేదన్నవాడి దగ్గర ఆగకుండా ముందుకు పోయేవాడు. ఎడమ కాలు జర గుంజుతుందనో, నీళ్లకు బెదురుతుందనో చెప్పినవాడి దగ్గరే పగ్గం పట్టేవాడు.

"గా ఒక్క ఐబు ఎరుకైతే మనం దాన్ని బట్టి దున్నుకోవచ్చు సార్. గీ సర్కారు కాలేజోడు తన ఐబు తనే చెప్పిండు. ఆర్నెల్లు పోతయ్, గంతకంటె ఎక్కువ పోదు. మిగిలినోళ్ల తాన ఎంత పోతదో ఎవలికెరుక?"

ఆదివారం శంకర్ వీడియోలో మాట్లాడుతూ వెక్కిరించాడు. "నన్ను చేసుకునేటప్పుడు గిన్ని అరుసుకున్నవా?"

"నేనెందుకు? మా బాపు అరుసుకున్నడు. నీకు కోపమెక్కువని మీ అమ్మనే చెప్పింది. గందుకే ఇచ్చిండు."

పక్కనే ఉన్న యాదమ్మ, "నేనెప్పుడు చెప్పిన్నే?" అని లేచింది. కింద ఉన్న నాకు ముగ్గురి నవ్వూ వినబడింది.

2022 నవంబరులో శంకర్‌కు పంజాబులోని ఒక కంటోన్మెంటుకు బదిలీ అయింది. అయిదేళ్ల తరువాత మొదటిసారి కుటుంబంతో ఉండే వీలు దొరికింది. ఆర్డరు చేతికొచ్చిన నాటికి పరీక్షలకు ఉన్నది సరిగ్గా ఇరవై రోజులు. రేణుక పరీక్షల విభాగానికి ఫోన్ చేసింది. అదే గొంతు. "ముందుగాలనే చెప్పిన గదమ్మా" అన్నాడు, కాస్త నొచ్చుకున్నట్టే. వెంటనే వెళ్లి చేరకపోతే క్వార్టరు ఇంకొకరికి పోతుందని, ఆమె ఆ దఫా పరీక్ష వదులుకొని, పిల్లలతో, అత్తతో రైలెక్కింది.

నాకు మాత్రం మనసు ఊరుకోలేదు. సైన్యం ఇరవై రోజుల ముందు చెబుతుంది, విశ్వవిద్యాలయం నలభై అయిదు రోజుల ముందు అడుగుతుంది. మధ్య ఉన్న ఇరవై అయిదు రోజులు ఎవరి తప్పు? రెండూ సర్కారువే. ఒకదాని క్యాలెండరు ఇంకొకదానికి పట్టదు. ఆ తేడా అంతా ఒక ఆడమనిషి వయసులో నుంచి కోతపడుతుంది. నిజం చెప్పినంత మాత్రాన నియమం న్యాయమైపోదు. రిజిస్ట్రారుకు ఒక వినతిపత్రం రాస్తానని, పేరు లేకుండా రాయమంటావా అని ఆమెను అడిగాను.

"నా పేరు పెట్టే రాయండి సార్. అడిగినోళ్లెవలో ఎరుక కావాలె గద" అంది.

రాశాను. అందినట్టు రసీదు వచ్చింది. జవాబు నేటికీ రాలేదు. ఏటా జనవరిలో ఇంకొక ప్రతి పంపుతున్నాను.

మిగిలిన పరీక్షలన్నీ రేణుక పంజాబులోనే రాసింది, ప్రతిసారీ గడువుకు ముందే దరఖాస్తు పెట్టి. వదిలేసిన దఫా పరీక్షలు చివరగా పూర్తి చేసింది. ఈ సంవత్సరం ఫిబ్రవరిలో డిగ్రీ పట్టా అందింది. ఆ గొంతు చెప్పినట్టే ఆరు నెలలు ఆలస్యం, అదనపు ఖర్చు సున్నా. వయోపరిమితికి ఇంకా సమయమున్నది. సర్కారు కొలువుకు మొదటి దరఖాస్తు పెట్టింది కూడా.

ఆ తొమ్మిదిమంది సంగతి నేను విడిచిపెట్టలేదు. రేణుక దగ్గర నంబర్లు తీసుకొని ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేశాను. సెంటరు మార్చాలంటే మళ్లీ ప్రవేశం తీసుకొని మళ్లీ ఫీజు కట్టమన్నారట. కొందరు కట్టలేక మానేశారు, కొందరు ఒకసారి కట్టి, రెండో బదిలీకి మానేశారు. సుబేదారు గారి భార్య రెండుసార్లు కట్టి మానేసింది. "అప్పుడు గా పిల్లను కూసోమన్న సార్" అంది ఫోనులో. ఆమె మీద నాకు ఇప్పుడు కోపం లేదు. తెర మీద ఆ అంకె వేసినవాడి మీద ఉన్నది. ఆ విశ్వవిద్యాలయం ఇప్పటికీ నూటికి తొంభై ఎనిమిది అనే రాసుకుంటోంది. మానేసినవారు వాళ్ల లెక్కలోకి రారు.

ఇప్పుడు నేను మందులు కొన్నా, మోటారు బాగుచేయించినా ముందుగా దాని ఐబు అడుగుతాను. ఏ అంకెను చూసినా, అందులో ఎవరిని వదిలేశారని అడుగుతాను. ఈ ఉదయం వేణువు ఆగి బ్యాంకు అమ్మాయి పలికినప్పుడు, చిరునామా మారడానికి ఎన్ని రోజులు పడుతుందని అడిగాను. "ఇప్పుడే అయిపోతుంది సార్" అంది. "ఈ మధ్య అట్లా ఎవరికైనా ఇప్పుడే అయిందా అమ్మా?" అన్నాను. "లేదు సార్, పది రోజులు పడుతుంది" అంది. ఆమెకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెప్పాను.

లెక్క ఇది. శాలువా కప్పిన చోట చేరినవారు తొమ్మిదిమంది. పట్టా అందినది ఇద్దరికి, ఆ మూడేళ్లలో భర్తలకు బదిలీ కాని ఇద్దరికి. సెంటరు మార్చం అని ముందే చెప్పిన చోట చేరినది ఒక్కరు, పట్టా ఒకటి. మొత్తం పదిమంది, మూడు పట్టాలు.