పదో కణుపు దాకా

మేడం గారు పోయారని సోమవారం ఉదయం తెలిసింది. కడియంలో మా నర్సరీ దగ్గర లారీకి మామిడి అంట్లు ఎక్కిస్తున్నారు. ఎన్ని ఎక్కాయో నేను పుస్తకంలో రాసుకుంటున్నాను. మా అమ్మాయి ఫోన్ చేసింది. ఏం చెప్పాలన్నా తనకు సమయం పడుతుంది. ఆ రోజు మాత్రం, "మేడం లేరు," అన్న మాట వెంటనే వచ్చేసింది. ఆ వేగానికే నాకు భయమేసింది.

పిల్లలకు మాట ఆలస్యం కావడం, మాటలు కుదురుగా రాకపోవడం మీద మేడం గారు పరిశోధన చేసేవారు. యూనివర్సిటీలో మొదటి సంవత్సరం పిల్లలు పరీక్షల్లో తడబడకుండా దగ్గరుండి చూసుకునేవారు. మా అమ్మాయీ ఆ పిల్లల్లో ఉంది. తెలివికి లోటు లేదు. పొడవాటి ప్రశ్న చదివితే మాత్రం చివరికి వచ్చేసరికి మొదలు జారిపోతుంది. మేడం గారు తమ ఇంటి అరుగు మీద పాత ప్రశ్నపత్రాలను కత్తెరతో ముక్కలు చేసి, ఒక్కో ముక్కా చేతికిచ్చి, "ఇక్కడ నిన్నేం చెయ్యమంటున్నారమ్మా?" అని అడిగేవారు. అడిగి ఆగేవారు. కొంగు చాటున బొటనవేలితో వేళ్ల కణుపులు ఒక్కొక్కటే తాకుతూ పదిదాకా లెక్కపెట్టేవారు.

తోడు వెళ్లిన నేను తొందరపడి జవాబు అందించబోతే, "ఆగండి. మీరు అందిస్తే అది మీ మాటవుతుందండి," అనేవారు.

ఒకసారి విరజాజి మొక్క కోసం నర్సరీకి వచ్చారు. అప్పుడే లారీ డ్రైవరు నన్నేదో అడిగాడు. నేను వేలితో చూపించాను. "ఏంటండి గుమస్తాగారూ, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు. కొంగు చాటున వేళ్లు కదులుతున్నాయి.

"బడి ఎందుకు మానేశారండి?" అని అడిగారు తర్వాత.

"పొలం పనులుండి."

అబద్ధం. నాలుగో తరగతిలో మాస్టారు లేపి అడిగితే, జవాబు తెలిసీ నోట రాక, మొద్దు అనిపించుకుని మానేశాను. చదవడం మొక్కలకు కట్టే చీటీలు చూసి నేర్చుకున్నాను.

ఆవిడ నమ్మినట్టే తల ఊపారు. "పరీక్షలో అమ్మాయికి అదనపు సమయం ఇమ్మని రిపోర్టు రాస్తున్నానండి. ఇది పుట్టుకతో వచ్చిందని, ఇంట్లో ఇంకొకరికీ ఉందని తెలిస్తే నా మాటకు బలం. మీ చిన్నతనం గురించి ఒక్క పేజీ రాసివ్వండి. రోజూ అంతంత రాస్తారు కదా."

ఏ మొక్క ఏ ఊరు వెళ్లిందో రోజూ రాశాను. ఆ పేజీ రాయలేదు.

తర్వాత చూసినప్పుడల్లా ఆవిడలో ఏదో తగ్గుతూ వచ్చింది. ఒకసారి వాళ్ల అరుగు రెండో మెట్టు మీదే ఆగిపోయారు. మరోసారి మెట్ల కిందే కుర్చీ వేయించుకున్నారు. చివరిసారి వెళ్లినప్పుడు విరజాజి ఇంకా నర్సరీలో ఇచ్చిన నల్ల కవరులోనే ఉంది. వేళ్లు కవరు చీల్చుకుని బయటికొచ్చాయి, ఆకులు పసుపెక్కాయి.

"నేలలో పెట్టలేదాండి?"

"పెడితే నీళ్లెవరు పోస్తారండి?" అని నవ్వారు. "కాగితం తెచ్చారా?"

నేను వంగి పసుపెక్కిన ఆకులు తుంచసాగాను. ఆవిడ పదిదాకా ఆగారు.

"సరేలెండి. నేనుండగా ఇవ్వండి."

అది గురువారం.

కర్మకాండలయ్యాక, ఆవిడతో పనిచేసినాయన ఫైలు తెచ్చిచ్చాడు. అన్నీ ఆవిడ చేతిరాతే. 'కుటుంబం' అన్నచోట మాత్రం ఖాళీ. పక్కన పెన్సిలుతో, 'నాన్నగారు ఇస్తారు. ఆగాలి.'

"ఇదొక్కటీ రాసిస్తే నేను సంతకం పెట్టి పంపిస్తానండి. పరీక్షలు వచ్చే సోమవారమే," అన్నాడాయన.

బడి సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ముందు ఇక్కడ రాస్తే, అక్కడ రాయడానికి చెయ్యి ఆడుతుందేమోనని ముఖపరిచయం లేని మీకు రాస్తున్నాను. ఇంత ఓపికగా నా కోసం ఆగినవారు నాకు మరొకరు లేరు. ఆవిడను నేను ఆపినంత సేపు ఎవరినీ ఆపలేదు.

ఈ ఉదయం మా అమ్మాయి ఫైలు తెచ్చి నా ముందు పెట్టింది. "చిన్నప్పుడు మీకేమైందండి, నాన్నగారూ?"

ఒక్క తడబాటు లేదు. నేను నోరు తెరిచాను. తను నన్నే చూస్తూ కూర్చుంది. చున్నీ చాటున బొటనవేలు కణుపు మీద నుంచి కణుపు మీదికి నడుస్తోంది. పదోదీ దాటింది. మళ్లీ మొదటి కణుపు దగ్గరికి వచ్చింది.