పాపకు పేము సీటు

మా పాపకు అప్పుడు పదో నెల. పాకేది అంటారు గానీ, మోకాళ్ళ మీద పరుగెత్తేది అనాలి. తిరుత్తణిలో మాది నేతగాళ్ళ వీధి. ఇంట్లో గుంటమగ్గం. నేను గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే పాప పక్కనే ఉయ్యాలలో ఉండేది. ఉయ్యాల తాడు తొక్కుడుపలకకు కట్టేదాన్ని. ఒక్క తొక్కుకు గుడ్డా సాగేది, ఉయ్యాలా ఊగేది.

చిక్కంతా నేసిన చీరలు ఇచ్చి నూలు తెచ్చుకునే రోజున. షావుకారి ఇల్లు కొండకు అవతల, రెండు మైళ్ళు. ఆ తిరుగుడు మా ఆయనది. ఆయన పోయి అప్పటికి ఏడాది తిరగలేదు, పని నా నెత్తిన పడింది. ఇంట్లో ఉండేది మా అత్త ఒక్కతే. ఆమెకు రెండు కళ్ళలోనూ పొర. ఒకరోజు బిడ్డను ఆమెకు అప్పగించి నడిచి పోయి వచ్చాను. గడపలో కాలు పెట్టి చూస్తే, అత్త గోడవైపు తిరిగి నూలు కండెలు చుట్టుకుంటోంది, పాప మగ్గం గుంట అంచున బోర్లా పడుకుని లోపలికి తొంగి చూస్తోంది. ఇంకో జానెడు జరిగితే తలకిందులుగా పోయేది.

ఈ సంగతి ఆరణిలో మా అన్న చెవిన పడింది. పొద్దున బస్సుకే దిగాడు.

"బిడ్డను నాకియ్యిమే. మీ వదిన ఉండాది, పిల్లోళ్ళు ఉండారు. నడక వచ్చినాక తెచ్చిస్తా."

"నడక మీ ఇంట్లో వస్తే నేను చూసేదెప్పుడన్నా?"

"చూసేదానికి ముందర బిడ్డ ఉండాల కదా!"

నోటికి వచ్చింది అనేశాను: "నాతోనే తీసుకపోతా. సైకిల్లో."

అన్న పకపకా నవ్వాడు. "యాడ పెట్టుకుంటావు? వెనక చీరల మూట, ముందర గాలి!"

"ముందరే పెట్టుకుంటా, చూడు."

"సరే. వచ్చే శుక్రవారం వస్తా. నా కండ్ల ముందర పోయి రావాల. బిడ్డ బెదిరి ఏడ్చిందా, ఆ పొద్దే నాతో తీసుకపోతా."

సైకిలు తొక్కడం నాకు కొత్త కాదు. చిన్నప్పుడు ఆరణిలో అన్న సైకిలుకే బారు కింద కాలు దూర్చి నేర్చుకున్నాను. మా ఆయన బారు సైకిలును బాడుగ సైకిళ్ళ అంగడిలో ఇచ్చి ఒక పాత లేడీస్ సైకిలు మార్చుకున్నాను. మొగుడు పోయినదానికి ఇదొక సంబరమా అని వీధిలో అన్నారు. నిజమే, సంబరంగానే ఉండింది. ఎందుకు దాచాలి?

సీటు మా ఊళ్ళో దొరకలేదు. పాపను చంకన వేసుకుని రైలెక్కి తిరువళ్ళూరు పోయాను. స్టేషను దగ్గర సైకిలు సామాన్ల అంగడి. అంగడాయన ఎర్ర రంగు రేకు సీటు తీసి ముందర పెట్టాడు.

"ఇది బారు మీద బిగించేది. మీ ఆయన్ని సైకిలు ఎత్తుకుని రమ్మను, నేనే బిగించి ఇస్తా."

"ఆయన రాడు. తొక్కేది నేను. నా సైకిలుకు బారు లేదు."

ఆయన నన్నొకసారి, పాపనొకసారి చూసి వెనక క్యారియరు మీద బిగించేది తీశాడు. వెనక నా మూట ఉంటుంది, అదీ గాక బిడ్డ నాకు కనపడదు. వద్దన్నాను. అప్పుడు పైనుంచి దించాడు, పేముతో అల్లిన బుల్లి కుర్చీ! రెండు ఇనప కొక్కేలతో హ్యాండిలుకు తగిలించేది. బిడ్డ మొఖం మనవైపు ఉంటుంది. ఇట్లాంటివి రెండున్నాయి. చీర చూసినట్టు రెండింటినీ తిరగేసి వెనకవైపు అల్లిక చూశాను, అంచులు గుంజి చూశాను. ఒకదానికి కాళ్ళ దగ్గర అడ్డరేకు లేదు, బిడ్డ పాదం చక్రం పుల్లల్లోకి పోతుంది. అడ్డరేకు ఉన్నదాన్ని అంగట్లో సైకిలుకు తగిలించి పాపను కూర్చోబెట్టాను. అది హ్యాండిలు పట్టుకుని గెంతడం మొదలుపెట్టింది. ఎత్తుకోబోతే వంగింది, నన్నే కొట్టింది.

"అమ్మా, బేరం నీ కూతురే ముగించేసింది," అని అంగడాయన నవ్వాడు.

ఇంటికి రాగానే అత్త సీటంతా చేత్తో తడిమింది. "వట్టి మాటలొద్దుమే. ముందర రాయిని తిప్పు, ఆమీద బిడ్డను తిప్పుదువు," అంది. రుబ్బురోటి పొత్రం మా పాపంత బరువు ఉంటుంది. దాన్ని పాత చీరలో చుట్టి సీట్లో కట్టి వీధిలో తొక్కాను. మొదటి మలుపులో హ్యాండిలు నన్నే లాక్కుపోయింది, గోడను రాసుకుని ఆగాను.

"ఏమక్కా, పొత్రానికి ఊరు చూపిస్తా ఉండావా?" అని ఎదురింటామె.

"దానికి దిష్టి తగులుతుంది, అట్ల చూడొద్దు!" అన్నాను.

మూడు రోజులు తిప్పాను. మలుపు వస్తే హ్యాండిలు కాదు, ఒళ్ళు వంచాలని చేతులకు తెలిసిపోయింది. ఇక బిడ్డ కోసం సీటు సింగారించాను. మగ్గం మీదనుంచి అప్పుడే కోసిన తుండు, గంజితో పెళపెళలాడేది, నాలుగు మడతలు వేసి పరిచి, సీటును మూలన పెట్టాను. పాత గుడ్డ వేస్తే అన్న ముందర నామోషీ అనుకున్నాను.

శుక్రవారం అన్న వచ్చాడు. బిడ్డ బట్టలకని చేతిసంచీ కూడా తెచ్చుకున్నాడు. వెనక షావుకారికి ఇవ్వాల్సిన చీరల మూట కట్టి, ముందర పాపను కూర్చోబెట్టి నడుముకు గుడ్డ కట్టి ఎక్కాను. పది గజాలు పోయానో లేదో, పాప కెవ్వుమంది. ఏడుపు అంటే మామూలు ఏడుపు కాదు, ఊపిరి బిగబట్టి నీలుక్కుపోయింది. దిగేశాను.

అన్న పరుగెత్తుకొచ్చాడు. "చూస్తివా? బిడ్డ బెదిరింది. ఇంక చాలు, బట్టలు సర్దు."

లోపలికి పోయి గౌన్లు మడత పెడుతున్నాను.

బయట అత్త కేక. "అబ్బయ్యా, ఆగు! ఇది బెదురు ఏడుపు కాదు!" నూలు పోగులో ముడి ఎక్కడుందో కళ్ళు లేకపోయినా పట్టేసే వేళ్ళు ఆమెవి. పాప తొడలు తడిమింది, సీట్లో గుడ్డ తడిమింది, చేయి విదిలించింది. "ఏమ్మే! గంజిగుడ్డ పరిచినావా? చీమలకు కూడు పెట్టి దాని మింద బిడ్డను కూచోబెట్టినావే!"

పోయి చూస్తే మడతల నిండా ఎర్రచీమలు. అన్నం గంజి కదా, రెండు రోజులు మూలన పెడితే రాక ఏం చేస్తాయి? పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి గంజిలో చేయి పెట్టినదాన్ని, నాకది తట్టలేదు. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. సీటును రాయికి కొట్టి దులిపి, అత్త పాత చీర, వెయ్యిసార్లు ఉతికి మెత్తబడినది, పరిచాను. పాప కాళ్ళకు కొబ్బరినూనె రాశాను.

"ఇంకొక్కసారి అన్నా."

అన్న సంచీ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. "నేను పక్కనే వస్తా," అన్నాడు.

ఎక్కాను. పాప పెదవి విరిచి నా మొఖంలోకి చూసింది. నేను నాలుక బయట పెట్టాను. అదీ పెట్టింది. చక్రం తిరిగింది. గాలికి దాని జుట్టు లేచింది, కళ్ళు చికిలించింది, అంతే, కిలకిలా నవ్వు! వీధి చివరిదాకా అన్న పక్కన పరుగెత్తాడు, పంచె ఎగ్గట్టి, ఆయాసపడుతూ.

"మెల్లగా పోమే! బిడ్డ ఉండాది!"

"బిడ్డకే తొందరగా ఉండాది అన్నా!"

కొండ మలుపు దగ్గర వెనక్కి చూస్తే అన్న రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాడు, ఖాళీ సంచీ చేతిలో ఊపుతూ. ఏదో అరిచాడు, వినపడలేదు. పాప బెల్లు మీద అరచేత్తో బాదుతోంది. ముందర ఎండ, దిగుడు బాట. తొక్కడం ఆపి సైకిలును దానంతట దాన్ని పోనిచ్చాను.